పోస్టు చేయని ఉత్తరం

పద్దెనిమిదేళ్లు నిండని కుర్రాడికి 'పెద్దలకు మాత్రమే' అని ముద్ర ఉన్న డీవీడీ అమ్మితే బ్రిటన్‌లో నేరం. అసలు సర్టిఫికెట్టే లేని సినిమా డీవీడీని తాతయ్యకు అమ్మినా నేరమే. జరిమానా పడుతుంది, జైలుకూ పంపుతారు. 1984లో చేసిన చట్టమది. దాని కింద ఎందరో దుకాణదారులు బోనెక్కారు, డబ్బు కట్టారు, కొందరు ఊచలూ లెక్కపెట్టారు. అలాంటిది 2009 ఆగస్టు చివర్లో ఆ దేశ ప్రభుత్వం మెల్లగా ఓ సంగతి బయటపెట్టింది. ఇన్నాళ్లూ అమలు చేసిన ఆ చట్టం... అమలుకు పనికిరాదట!

కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పాతికేళ్ల కిందట బ్రసెల్స్‌కు పంపాల్సిన ఓ ఉత్తరం పంపడం మరిచిపోయారు. అంతే!

ఐరోపా ఉమ్మడి మార్కెట్‌లో 1983 నుంచీ ఓ నిబంధన ఉండేది. ఏ సభ్యదేశమైనా సరుకుల మీద కొత్తగా సాంకేతిక నియమాలేవైనా పెట్టాలనుకుంటే ముందు ముసాయిదాను యూరోపియన్ కమిషన్‌కు పంపాలి. మూడు నెలలు ఆగాలి. ఈలోగా మిగతా దేశాలు అభ్యంతరాలుంటే చెబుతాయి. ఫలానా చీటీ అంటించాలి, ఫలానా ముద్ర ఉండాలి అనే నియమాలతో పక్క దేశపు సరుకును దొడ్డిదారిన ఆపేయకుండా చేసుకున్న ఏర్పాటిది. వీడియో క్యాసెట్ సరుకే కదా. దాని మీద వయసు ముద్ర తప్పనిసరి చేయడం సాంకేతిక నియమమే. ఆ ముక్క 1984లో లండన్‌లో ఎవరికీ తట్టలేదు. 1993లోనూ, 1994లోనూ చట్టాన్ని సవరించారు. అప్పుడూ తట్టలేదు! 1996లో ఐరోపా న్యాయస్థానం వేరే కేసులో తెగేసి చెప్పింది... ముందుగా తెలియజేయని నియమాన్ని పౌరుల మీద ప్రయోగించడానికి వీల్లేదని. ఆ తర్వాత మరో పదమూడేళ్లు గడిచాయి. వీడియో గేముల వర్గీకరణ కోసం కొత్త బిల్లు తయారుచేస్తూ పాత కాగితాలు తిరగేస్తుంటే అప్పుడు బయటపడింది, ఫైల్లో ఆ ఉత్తరం లేదని.

అసలు ఆ చట్టం ఎందుకు పుట్టిందో తెలిస్తేగానీ ఈ మతిమరుపు విలువ అర్థం కాదు.

వీధి చివరి కొట్లో భూతాలు

1970ల చివర్లో బ్రిటన్ ఇళ్లలోకి వీసీఆర్‌లు రావడం మొదలైంది. పెద్ద హాలీవుడ్ సంస్థలు మొదట్లో వెనకాడాయి. క్యాసెట్ ఇస్తే థియేటర్‌కు ఎవరొస్తారన్న భయం కొంత, కాపీలు కొట్టేస్తారన్న భయం కొంత. ఆ ఖాళీలోకి చిన్నాచితకా పంపిణీదారులు దూరారు. ఇటలీలోనూ, అమెరికాలోనూ చవగ్గా చుట్టేసిన భయానక చిత్రాల హక్కులు కొన్నారు. క్యాసెట్లు వేశారు. వాటిని అద్దెకివ్వడానికి ప్రత్యేక దుకాణాలే అక్కర్లేదు. పేపర్లు అమ్మే కొట్టు, పెట్రోలు బంకు, వీధి చివరి కిరాణా... ఎక్కడ పడితే అక్కడ పాలసీసాల పక్కనే క్యాసెట్ల అర వెలిసింది.

థియేటర్లో ఆడే సినిమాకు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు బ్రిటన్‌లో 1912 నుంచీ ఉంది. అది సర్కారు కార్యాలయం కాదు, సినీ పరిశ్రమే పెట్టుకున్నది. థియేటర్లకు లైసెన్సులిచ్చేది స్థానిక మండళ్లు. అవి బోర్డు మాటను మన్నించేవి కాబట్టి బోర్డు కత్తెరకు పదును ఉండేది. మరి క్యాసెట్‌కు లైసెన్సేమిటి? దాన్ని చూసేది మండలి పరిధిలోని హాల్లో కాదు, సోఫాలో! బోర్డు తీసేయమన్న ముక్కల్ని తిరిగి అతికించి క్యాసెట్ వేసినా అడిగే నాథుడు లేడు. పైగా అదే అమ్మకపు మంత్రమైంది. 'కోతల్లేని పూర్తి చిత్రం' అని అట్ట మీద వేస్తే బేరం రెట్టింపు.

అట్టలే కొంప ముంచాయి. 'ది డ్రిల్లర్ కిల్లర్' అనే చిత్రం క్యాసెట్ అట్ట మీద ఓ మనిషి నుదుట్లోకి డ్రిల్లింగ్ మిషన్ దిగుతున్న బొమ్మ వేశారు. 1982లో అదే బొమ్మతో పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చారు. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. నిజానికి ఏబెల్ ఫెరారా తీసిన ఆ సినిమాలో ఎక్కువ భాగం అద్దె కట్టలేని ఓ చిత్రకారుడి గోల, పక్క వాటాలో సంగీతం వాయించే కుర్రాళ్ల గోల. అట్ట చూసి ఆశపడి తీసుకెళ్లినవాళ్లలో సగం మంది మధ్యలోనే నిద్రపోయి ఉంటారు. 'కానిబాల్ హోలోకాస్ట్' పంపిణీదారుడైతే ఇంకో అడుగు ముందుకేశాడంటారు. అశ్లీలత మీద ఏళ్ల తరబడి పోరాడుతున్న మేరీ వైట్‌హౌస్ అనే మాజీ ఉపాధ్యాయినికి తన క్యాసెట్ గురించి తనే ఫిర్యాదు పంపాడని చెబుతారు... ఆవిడ గొడవ చేస్తే ఉచిత ప్రచారం వస్తుందని. గొడవ వచ్చింది. అతను కోరుకున్నదానికన్నా చాలా ఎక్కువే వచ్చింది.

పత్రికలు అందుకున్నాయి. ఈ క్యాసెట్లకు 'వీడియో నాస్టీ' అని పేరు పడింది. 'డైలీ మెయిల్' వీటిని నిషేధించాలంటూ ఉద్యమమే నడిపింది. పోలీసులు రంగంలోకి దిగారు. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం 1959 నాటి అశ్లీల ప్రచురణల చట్టం. చదివినవారి, చూసినవారి మనసును చెడగొట్టే స్వభావం ఉన్న వస్తువును అమ్మితే శిక్షించే చట్టమది. పుస్తకాల కోసం రాసింది. దాన్ని పట్టుకుని క్యాసెట్ల కొట్ల మీద పడితే ఏమవుతుంది? పేరు చూసి పట్టుకెళ్లడమే. డాలీ పార్టన్ పాటలతో సరదాగా సాగే 'ది బెస్ట్ లిటిల్ హోర్‌హౌస్ ఇన్ టెక్సస్' అనే సంగీత చిత్రాన్నీ, యుద్ధ చిత్రం 'ది బిగ్ రెడ్ వన్'నూ కూడా మూటకట్టి తీసుకెళ్లారన్న కథలు అప్పట్లో బాగా ప్రచారమయ్యాయి. రెండో దాని పేరులో పోలీసులకు ఏం కనిపించిందో!

అసలు చిక్కు దుకాణదారుడిది. ఏది ఉంచుకోవాలో, ఏది తీసేయాలో చెప్పేవారు లేరు. ఒక ఊళ్లో జ్యూరీ తప్పని తేల్చిన క్యాసెట్‌ను మరో ఊళ్లో జ్యూరీ తప్పు కాదనేది. చివరికి ప్రాసిక్యూషన్ల డైరెక్టర్ కార్యాలయం ఓ జాబితా తయారుచేసింది. అదీ నిలకడగా ఉండేది కాదు. కొన్ని పేర్లు చేరేవి, కొన్ని పోయేవి. మొత్తం మీద ఎప్పుడో ఒకప్పుడు ఆ జాబితాకెక్కినవి 72 చిత్రాలు. వాటిలో కోర్టులో నేరం రుజువైనవి 39.

ఆ గందరగోళంలో జైలుకెళ్లిన మనిషి కథ కొంచెం నిలిచి చూడాల్సింది. డేవిడ్ హామిల్టన్-గ్రాంట్ అనే నిర్మాత, పంపిణీదారుడు 'నైట్‌మేర్స్ ఇన్ ఎ డామేజ్డ్ బ్రెయిన్' అనే అమెరికన్ చిత్రాన్ని తెచ్చాడు. థియేటర్ కోసం బోర్డు కొన్ని కోతలతో దానికి పెద్దల సర్టిఫికెట్ ఇచ్చింది. ఆయన సంస్థ విడుదల చేసిన క్యాసెట్ మాత్రం బోర్డు ఒప్పుకున్నదానికన్నా కాస్త నిడివి ఎక్కువగా ఉంది. తేడా కొద్దిపాటిదే. అదనంగా ఉన్న ఆ కాస్త ఫిల్ముకు 1984లో ఆయనకు జైలుశిక్ష పడింది. ఆయన సంస్థ కూడా ఆ దెబ్బతో కుప్పకూలింది. ఆయనేమీ అమాయకుడు కాదు, ప్రచారానికి దేనికైనా సిద్ధపడే వ్యాపారే. కానీ అప్పటికి క్యాసెట్‌కు సర్టిఫికెట్ ఉండాలన్న చట్టమే లేదు! బోర్డు కోతను క్యాసెట్‌కు కూడా పాటించాలని ఏ నిబంధనా చెప్పలేదు. ఆ సినిమానే థియేటర్లో టిక్కెట్టు కొని చూసిన పెద్దమనిషి మనసు చెడదు, ఇంకొన్ని క్షణాలు ఎక్కువ చూస్తే చెడుతుంది... ఇదీ లెక్క.

లేని సినిమాలు చూసిన పిల్లలు

పెద్దవాళ్ల మనసు సంగతి పక్కన పెడితే ఈ రభసకు అసలు ఇంధనం పిల్లలు. అందులో అబద్ధమేమీ లేదు. తల్లిదండ్రులు ఉద్యోగాలకెళ్లాక బడి నుంచి వచ్చిన పిల్లలు క్యాసెట్ పెట్టుకుని చూస్తే ఆపేదెవరు? కొట్టువాడికి వయసు అడగాల్సిన పని లేదు. ఈ భయం నిజమైంది, ఏ దేశపు తల్లికైనా అర్థమయ్యేది. చిక్కల్లా దాని మీద కట్టిన లెక్కల్లో ఉంది.

1983 చివర్లో ఓ అధ్యయనం బయటికొచ్చింది. దేశంలో ఆరేడేళ్ల పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో ఈ నాస్టీలు చూసేశారని దాని సారాంశం. పిల్లల చేతికి సినిమాల పేర్లిచ్చి, చూసినవాటికి గుర్తు పెట్టమని అడిగి తేల్చిన లెక్కది. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. ఆస్టన్ విశ్వవిద్యాలయంలో గై కంబర్‌బాచ్, పాల్ బేట్స్ అనే ఇద్దరు పరిశోధకులకు అనుమానమొచ్చింది. వాళ్లూ అలాంటి జాబితాయే ఇచ్చారు. కాకపోతే అందులో కొన్ని పేర్లు వాళ్లు సొంతంగా కల్పించినవి. అలాంటి సినిమాలు భూమ్మీద లేవు. పదకొండేళ్ల పిల్లల్లో 68 శాతం మంది ఆ లేని సినిమాలను చూశామని గుర్తు పెట్టారు! తోటి పిల్లల ముందు 'నేను చూడలేదు' అనడం ఏ పిల్లాడికి ఇష్టం?

అయినా అప్పటికే బండి బయల్దేరింది. గ్రాహమ్ బ్రైట్ అనే కన్జర్వేటివ్ ఎంపీ బిల్లు పెట్టాడు. పార్లమెంటు సభ్యులను పిలిచి ఆ చిత్రాల్లోంచి ఏరికోరి కూర్చిన ఘోరమైన ముక్కల్ని వరసగా చూపించారు. ముందూ వెనకా లేకుండా అలా చూపిస్తే ఏ సినిమా అయినా కసాయి కొట్టులాగే ఉంటుంది. చూసినవాళ్లు హడలిపోయారు. 1984 జులైలో వీడియో రికార్డింగుల చట్టం పాసైంది. మరుసటి ఏడాది సెప్టెంబరు నుంచి దశలవారీగా అమల్లోకొచ్చి, పాత క్యాసెట్లన్నిటికీ 1988 నాటికి వర్తించింది. అప్పటిదాకా పరిశ్రమ సొంత బోర్డుగా ఉన్నదానికి చట్టబద్ధమైన బాధ్యత వచ్చింది. పేరులో 'సెన్సార్స్' పోయి 'క్లాసిఫికేషన్' వచ్చింది. పేరు మారింది, కత్తెర మాత్రం చేతిలోనే ఉంది.

ఆ చట్టంలో ఒక్క మాట కీలకం. క్యాసెట్‌ను ఇంట్లో చూస్తారన్న సంగతిని బోర్డు ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకోవాలి. అప్పటి బోర్డు అధిపతి జేమ్స్ ఫెర్మన్ దీన్ని గట్టిగా పట్టుకున్నాడు. థియేటర్లో దృశ్యం వచ్చి వెళ్లిపోతుంది. ఇంట్లో రిమోట్ ఉంటుంది. అదే ముక్కను ఆపి, వెనక్కి తిప్పి, పదిసార్లు చూడొచ్చు. కనుక ఇంట్లో చూసేదానికి థియేటర్‌కన్నా కఠినంగా ఉండాలన్నది ఆయన వాదన. కొట్టిపారేయాల్సిన వాదన కాదు. కానీ దాని ఫలితం చూడండి. 'ది ఎక్సార్సిస్ట్' బ్రిటన్ థియేటర్లలో 1974 నుంచీ ఆడిన చిత్రం. 1981లో క్యాసెట్ కూడా వచ్చింది. కొత్త చట్టం గడువు ముగిశాక 1988లో ఆ క్యాసెట్ కొట్ల నుంచి మాయమైంది. 1998లో పాతికేళ్ల పండగ చేసి మళ్లీ థియేటర్లలో వేశారు, జనం బారులు తీరారు. బయటికొచ్చి క్యాసెట్ అడిగితే మాత్రం నేరం! 1999లోగానీ దానికి వీడియో సర్టిఫికెట్ రాలేదు.

ఈ చట్టాన్ని అమలు చేసే పని ఎవరికిచ్చారో తెలుసా? స్థానిక తూనికలు, కొలతల శాఖకు. బియ్యం కొట్లో తక్కెడ సరిచూసే అధికారే క్యాసెట్ మీద ముద్ర ఉందో లేదో చూడాలి. సర్టిఫికెట్ లేనిది అమ్మితే మొదట్లో 20,000 పౌండ్ల దాకా జరిమానా. 1994 తర్వాత రెండేళ్ల దాకా జైలు కూడా. ఆ శిక్ష పెరగడానికి వెనక ఓ విషాదం ఉంది. 1993లో లివర్‌పూల్ దగ్గర ఇద్దరు పదేళ్ల బాలురు రెండేళ్ల పసివాడిని చంపారు. దేశం నివ్వెరపోయింది. తీర్పు చెప్పిన జడ్జి హింసాత్మక వీడియోల ప్రభావం ఉండొచ్చని ఒక మాటన్నారు. పత్రికలు 'చైల్డ్స్ ప్లే 3' అనే చిత్రాన్ని పట్టుకున్నాయి. ఆ పిల్లలు దాన్ని చూశారనడానికి ఆధారమేదీ లేదని పోలీసులే చెప్పారు. ఆ మాట వినే స్థితిలో ఎవరూ లేరు. సమాజానికి కలిగే హానిని బోర్డు మరింతగా చూడాలంటూ చట్టానికి కొత్త పదాలు చేరాయి.

దొంగచాటు ముచ్చట్లు

నిషేధం ఉన్నచోట దొంగసరుకు పుట్టకుండా ఉంటుందా? కాపీకి కాపీ, దానికి కాపీ తీసిన క్యాసెట్లు చేతులు మారాయి. బొమ్మ అలుక్కుపోయి రక్తమో, రంగు మచ్చో తెలియని స్థితిలో ఉన్నా జనం కళ్లప్పగించి చూశారు. నెదర్లాండ్స్ క్యాసెట్లకు మహా గిరాకీ. అక్కడ కోతల్లేకుండా వచ్చేవి, ఇంగ్లీషు మాటల కింద డచ్చి అక్షరాలుండేవి. తర్వాత డీవీడీలు వచ్చాయి, ఇంటర్నెట్ వచ్చింది. అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడే ప్లేయర్ కొనుక్కుని అమెరికా నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టారు. బ్రిటన్ చట్టం శిక్షించేది అమ్మినవాడినేగానీ, తన కోసం కొనుక్కున్నవాడిని కాదు. దాంతో వింత పరిస్థితి. కోతల్లేని సినిమా కావాలంటే విదేశీ దుకాణానికి డబ్బు పంపాలి, ఊళ్లో కొట్టువాడికి ఇవ్వకూడదు.

జర్మనీలో ఇంకో రకం తంటా. అక్కడ పిల్లలకు హాని అని జాబితాకెక్కిన చిత్రాన్ని పెద్దలకు అమ్మొచ్చు, కానీ అరలో పెట్టకూడదు, ప్రకటన ఇవ్వకూడదు. అడిగినవాడికి బల్ల కింది నుంచి తీసివ్వాలి. ఇంకా తీవ్రమైనవాటిని కోర్టులు జప్తు చేస్తాయి. బ్రిటన్ నాస్టీల్లో పేరుమోసిన 'ది ఈవిల్ డెడ్' జర్మనీలోనూ జప్తు అయింది. మనుషుల మీద క్రూరమైన హింసను గొప్పగా చూపడం నేరమన్నది అక్కడి సెక్షన్. ఆ కేసు దేశ అత్యున్నత రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. నల్లకోట్లు, ఎర్రకోట్లు వేసుకున్న పెద్దలు కూర్చుని తేల్చాల్సిన ప్రశ్న ఏమిటంటే... లేచి నడిచే శవాలు 'మనుషుల' కిందికి వస్తాయా? రావని 1992లో తీర్పు చెప్పారు. చట్టంలో మనుషులని ఉంది, శవాలని లేదు కదా! జర్మన్లు ఊరుకోలేదు. 2004లో ఆ సెక్షన్‌లోకి 'మనుషుల్లాంటి ప్రాణులు' అనే మాటను చేర్చుకున్నారు.

బ్రిటన్‌లో 1999లో ఫెర్మన్ తప్పుకున్నాక గాలి మారింది. జనాన్ని అడిగి తెలుసుకుని 2000లో బోర్డు కొత్త మార్గదర్శకాలు ప్రకటించింది. చట్టానికి లోబడినంతవరకు పెద్దలు తమకు నచ్చింది చూసే స్వేచ్ఛ వారికుండాలన్నది వాటి ప్రాణం. ఒక్కొక్కటీ తలుపు తీసుకుంది. 1975లో బోర్డు తిరస్కరించిన 'ది టెక్సస్ చైన్‌సా మాసకర్' 1999లో కోతల్లేకుండా బయటికొచ్చింది. 'ది ఈవిల్ డెడ్' 2001లో, 'స్ట్రా డాగ్స్' 2002లో పూర్తి నిడివితో వచ్చాయి. ఇక వ్యాపారులు చెలరేగారు. ఒకప్పుడు పోలీసులకు భయపడి దాచిన ఆ 72 పేర్ల జాబితానే ఇప్పుడు అట్ట మీద పతకంలా వేసుకున్నారు. 'ఒకనాటి నిషిద్ధ చిత్రం, తొలిసారి కోతల్లేకుండా' అంటూ రేకు డబ్బాల్లో పెట్టి అమ్మారు. ప్రాసిక్యూషన్ జాబితా కాస్తా కొనుగోళ్ల చీటీగా మారిపోయింది.

అలాగని కత్తెర పూర్తిగా మూలన పడలేదు. 2010లో 'ఎ సెర్బియన్ ఫిల్మ్'కు 49 చోట్ల కోతపెట్టి నాలుగు నిమిషాల 11 సెకన్లు తీయించారు. 'ది హ్యూమన్ సెంటిపీడ్ 2'ను 2011లో ముందు పూర్తిగా తిరస్కరించి, కొన్ని నెలలకు 32 కోతలతో ఒప్పుకున్నారు. అదే ఏడాది 'కానిబాల్ హోలోకాస్ట్' మళ్లీ బోర్డు ముందుకొచ్చింది. అంత రభస చేసిన చిత్రంలోంచి ఈసారి తీసేసింది కేవలం 15 సెకన్లు. అదీ మనుషుల మీద హింస కాదు, ఓ చిన్న అడవి జంతువును నిజంగా చంపిన దృశ్యం. ఆ కోతను ఎవరూ పెద్దగా తప్పుపట్టలేదు. తప్పుపట్టాల్సిన అవసరమూ కనిపించదు.

పచ్చి శృంగార చిత్రాలకు బ్రిటన్‌లో ఇంకో మెట్టు ఉంది, ఆర్18 అని. వీటిని లైసెన్సు ఉన్న ప్రత్యేక దుకాణంలోనే అమ్మాలి. లైసెన్సు ఉన్న రెండు సంస్థలు వీటిని పోస్టులో పంపితే లివర్‌పూల్ నగర మండలి కేసు పెట్టింది. మా దుకాణం నుంచే కదా పంపాం అన్నది వారి వాదన. 'దుకాణంలో అమ్మడం అంటే కొనేవాడు దుకాణానికి రావాలి, ముఖం చూసి వయసు తేల్చుకోవాలి' అన్న అర్థంలో 2005లో హైకోర్టు తీర్పు చెప్పింది. శిక్ష ఖాయమైంది.

సరిగ్గా ఇక్కడికి 2009 ఆగస్టు వచ్చి తగులుతుంది. చట్టమే చెల్లదన్నప్పుడు ఆ శిక్షలేమవ్వాలి?

ప్రభుత్వం ముందు పోలీసులకు, తూనికల అధికారులకు కొత్త కేసులు పెట్టొద్దని చెప్పింది. నడుస్తున్నవి ఆగాయి. సాంకేతికంగా చూస్తే ఆ కొద్ది నెలలూ ఏ పసివాడికి ఏ డీవీడీ అమ్మినా వయసు ముద్ర చట్టం కింద శిక్షించలేరు. దేశం తలకిందులు కావాలి కదా? కాలేదు. వ్యాపార సంఘాలు పాత పద్ధతినే స్వచ్ఛందంగా పాటిద్దామని సభ్యులకు చెప్పాయి. దుకాణాల్లో వయసు అడగడం కొనసాగింది. పాతికేళ్లపాటు జైలు భయంతో చేయించిన పనిని జనం భయం లేకుండానే చేసుకుపోయారన్నమాట. ఈ ముక్క మీద అప్పట్లో జరగాల్సినంత చర్చ జరగలేదు.

ఈలోగా ఆ ఉత్తరం పోస్టయింది! మూడు నెలలు ఆగారు. కొత్త బిల్లు తెచ్చారు. పాత చట్టాన్ని రద్దు చేసి, ఒక్క అక్షరం మార్చకుండా అదే క్షణంలో మళ్లీ బతికించే బిల్లు. 2010 జనవరి 21న రాజముద్ర పడింది. చచ్చి లేచిన శవాల సినిమాల కోసం పుట్టిన చట్టం తనే అలా చచ్చి లేచింది.

శిక్షలు పడినవాళ్లు అప్పీలు కోర్టుకెళ్లారు. వారిలో లివర్‌పూల్ కేసు సంస్థ కూడా ఉంది. 2010లో తీర్పు వచ్చింది. గడువు దాటిపోయింది, ఇప్పుడు తిరగదోడనివ్వం అన్నారు న్యాయమూర్తులు. వారు శిక్షకు గురైన పని పార్లమెంటు నేరమని చెప్పిన పనే, వారు అది తెలిసే చేశారు, ఉత్తరం పంపకపోవడం వల్ల వారికి ప్రత్యేకంగా జరిగిన అన్యాయమేమీ లేదు అన్నది సారాంశం. ఇందులో న్యాయం ఎంతుందో పాఠకులే ఆలోచించుకోవచ్చు. కొట్టువాడు ముద్ర మరిచిపోతే 'పొరపాటండీ' అన్న మాట చెల్లదు. సర్కారు ఉత్తరం మరిచిపోతే చెల్లుతుంది.

మనకూ ఈ ముద్రలు కొత్త కాదు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సెన్సారు బోర్డు 'ఎ' ఇస్తుంది, ఇస్తూనే కోతలూ అడుగుతుంది. ముందస్తు సెన్సారు చెల్లుతుందని కె.ఎ.అబ్బాస్ కేసులో 1970లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఊరూరా వీడియో పార్లర్లు వెలసిన రోజుల్లో, 1984లో, కాపీరైటు చట్టాన్ని సవరించి క్యాసెట్ మీదా సెన్సారు సర్టిఫికెట్ కాపీ ఉండాలన్నారు. దాన్ని ఎన్ని ఊళ్లలో ఎంతమంది చూసి ఉంటారో ఆ పార్లర్లలో బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నవాళ్లకు తెలుసు. బోర్డు పని వర్గీకరించడమేగానీ కత్తిరించడం కాకూడదని శ్యామ్ బెనెగల్ కమిటీ 2016లో సూచించింది. 2023 సవరణతో 'యుఎ'కు 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి. 'ఎ' చిత్రాన్ని టీవీ కోసం మార్చి వేరే సర్టిఫికెట్ తీసుకునే దారీ చట్టంలోకెక్కింది. కత్తెర మాత్రం పోలేదు. అదే ఓటీటీలో నేరుగా వచ్చే చిత్రానికి బోర్డు గడపే తొక్కనక్కర్లేదు. 2021 నిబంధనల ప్రకారం సంస్థలే వయసు గుర్తు వేసుకుంటాయి.

బ్రిటన్‌లోనూ అంతే. 1984 నాటి చట్టం చూసేది డిస్కులనే. తీగలో వచ్చే సినిమా దాని కంటికి ఆనదు. ఓటీటీ సంస్థలు బోర్డు గుర్తులు వాడుతున్నాయంటే అది వాళ్ల ఇష్టం. అశ్లీల వెబ్‌సైట్లలో వయసు తనిఖీకి వేరే చట్టం చేసి, 2025 జులై నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. అరల నుంచి డీవీడీలు చాలామటుకు వెళ్లిపోయాయి. మిగిలింది పాత సినిమాలను ముద్దుగా శుభ్రం చేసి, బ్లూరే డిస్కుల మీద కొన్ని వందలమంది, కొన్ని వేలమంది అభిమానుల కోసం తెచ్చే చిన్న సంస్థలు. వాళ్లకు మాత్రం చట్టం అలాగే ఉంది. ముద్ర లేకుండా అమ్మితే ఇప్పటికీ రెండేళ్ల దాకా జైలు. ముద్ర కోసం బోర్డుకు కట్టాల్సిన రుసుము సినిమా నిడివిని బట్టి, నిమిషాల లెక్కన. ఒకే డిస్కు మీద నాటి కోతల చిత్రాన్నీ, కోతల్లేని పూర్తి చిత్రాన్నీ రెండూ పెడితే దేని నిమిషాలు దానివే, రెండింటికీ విడివిడిగా కట్టాలి.